రివ్యూ పేపర్ మంచి జర్నల్‌లో రావాలంటే: సీమ రీసెర్చ్ స్కాలర్లకు సమగ్ర మార్గదర్శి

పీహెచ్‌డీలో చేరి కోర్స్‌వర్క్ పూర్తయ్యేసరికి చాలామంది గైడ్ నోట వినే మాట ఒకటుంది: “ఇంత చదివావు కదా, రివ్యూ పేపర్ ఒకటి రాసి పంపు.” అనంతపురంలో ఎస్కేయూ, జేఎన్‌టీయూ అయినా, కడపలో యోగి వేమన అయినా, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ అయినా ఇదే మాట. రివ్యూ పేపర్ అంటే ఒక విషయం మీద ఇప్పటికే వచ్చిన పేపర్లను కలిపి చూసి రాసేది. ల్యాబ్ అక్కర్లేదు, కెమికల్స్ కొనక్కర్లేదు కాబట్టి రివ్యూ తేలికేనని అనుకుంటారు. థీసిస్ రెండో చాప్టర్ (పాత పరిశోధనలను చెప్పే లిటరేచర్ చాప్టర్) తీసి, పేరు మార్చి, పేరున్న జర్నల్‌కు పంపేస్తారు. రివ్యూయర్ (పేపర్‌ను పరిశీలించే అదే రంగం నిపుణుడు) దాకా కూడా వెళ్లకుండా అది కొద్ది రోజుల్లోనే తిరిగొస్తుంది.

అలా తిరిగి రావడానికి ఇంగ్లీషు సరిగా లేకపోవడమో, మన యూనివర్సిటీ పేరు పెద్దది కాకపోవడమో కారణమని బాధపడతారు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. లిటరేచర్ చాప్టర్ రాసేది “ఇవన్నీ చదివాను” అని థీసిస్ దిద్దేవాళ్లకు చూపించడానికి. రివ్యూ పేపర్ చదివేవాళ్లు అదే రంగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు. ఆ పేపర్లన్నీ వాళ్లకు విడివిడిగా తెలిసినవే. అన్నీ కలిపి చూస్తే ఏం తేలింది, ఏం తేలలేదు, ఎందుకు తేలలేదు అన్నది వాళ్లకు కావాలి. ఆ తీర్పు ఉన్న రివ్యూను ఎడిటర్ ముందుకు పంపుతారు. అది లేకపోతే ఎంత చక్కగా రాసినా తిప్పి పంపుతారు.

ఈ మార్గదర్శిలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని వెళ్దాం. అది మనందరికీ తెలిసిన విషయమే: అనంతపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మీ సబ్జెక్టు ఫార్మసీ కావచ్చు, కంప్యూటర్ సైన్స్ కావచ్చు, తెలుగు సాహిత్యం కావచ్చు. పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

మొదటి మెట్టు: టాపిక్ చాలదు, ప్రశ్న కావాలి

“అనంతపురం జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్: ఒక సమీక్ష” అనేది టాపిక్ మాత్రమే. దీని కింద ఎన్ని పేజీలైనా రాయొచ్చు, ఎక్కడ ఆపాలో తెలియదు. ఈ విషయం మీద మండలానికొకటి అన్నట్టు చిన్న చిన్న పేపర్లు ఉన్నాయి. కొన్ని శాంపిళ్లు తీసుకోవడం, పరీక్ష చేయడం, 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటినవి ఎన్నో లెక్క చెప్పడం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన హద్దు 1.0, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒప్పుకునేది 1.5. కొన్ని పేపర్లు ఒక హద్దుతో, మరికొన్ని రెండో హద్దుతో లెక్క కట్టి ఉంటే వాటి శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఇక్కడే మీకు పని దొరుకుతుంది.

ఇప్పుడు ప్రశ్న ఎలా పుడుతుందో చూడండి. “గ్రానైట్, నైస్ లాంటి గట్టి రాళ్లున్న కరువు ప్రాంతాల్లో బోరు లోతు పెరిగేకొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుందని చెప్పడానికి ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలు సరిపోతాయా?” దీనికి అవును, కాదు, సగం సగం అని జవాబు చెప్పగలం. ఆ జవాబు వాన తక్కువ పడే ఏ దేశపు పరిశోధకుడికైనా పనికొస్తుంది. రాయి రకం, ఎండ తీవ్రత, నీటిలో బైకార్బొనేట్, సోడియం ఎక్కువై కాల్షియం తగ్గినప్పుడు ఫ్లోరైడ్ నీళ్లలో నిలిచిపోవడం, ఇవన్నీ మన జిల్లాకే పరిమితమైనవి కావు. లోకల్ సమస్యను అంతర్జాతీయ జర్నల్‌కు తీసుకెళ్లే దారి ఇదే. ఊరి పేరు తీసేయక్కర్లేదు, ఆ ఊరు దేనికి ఉదాహరణో చెబితే చాలు.

మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, మీ సబ్జెక్టే కాని స్నేహితుడికి చదివి వినిపించండి. “ఇంతకీ తెలియాల్సింది ఏంటి?” అని ఎదురడిగితే ప్రశ్న ఇంకా తయారుకాలేదని అర్థం.

ఆ రివ్యూ ఇప్పటికే వచ్చిందేమో చూడండి

పరిశోధన పేపర్లను వెతికే డేటాబేస్‌లైన స్కోపస్‌లో, పబ్‌మెడ్‌లో డాక్యుమెంట్ రకం దగ్గర ‘రివ్యూ’ అని ఎంచుకుని వెతకండి. గూగుల్ స్కాలర్‌లోనూ రివ్యూలను విడిగా చూసే వీలుంది. గత ఐదేళ్లలో అదే ప్రశ్న మీద మంచి రివ్యూ ఒకటి వచ్చి ఉంటే నిరుత్సాహపడకండి, పూర్తిగా చదవండి. దాని తర్వాత ఏం మారింది? వాళ్లు ఏ ప్రాంతాన్ని, ఏ కోణాన్ని వదిలేశారు? మీ కవర్ లెటర్‌లో, ఇంట్రడక్షన్‌లో ఆ తేడాను పేరు పెట్టి చెప్పాలి. పాత రివ్యూను చూడనట్టు నటిస్తే మొదట పట్టుకునేది దాన్ని రాసినవాళ్లే, ఎందుకంటే ఎడిటర్ మీ పేపర్‌ను రివ్యూకు పంపేది తరచుగా వాళ్లకే.

ఏ రకం రివ్యూ రాస్తున్నారో తేల్చుకోండి

నేరేటివ్ రివ్యూలో రంగాన్ని అర్థం చేయించే కథనం ఉంటుంది. విశాలమైన విషయాలకు, సిద్ధాంత చర్చలకు అది సరిపోతుంది. సిస్టమాటిక్ రివ్యూ ఒక కచ్చితమైన ప్రశ్నకు, ముందే రాసుకున్న నియమాలతో, దొరికిన ఆధారాలన్నీ ఏరి జవాబు చెబుతుంది. స్కోపింగ్ రివ్యూ ఒక రంగంలో ఏమేం పనులు జరిగాయో పటం గీస్తుంది. సిస్టమాటిక్ రివ్యూలోని అంకెలను గణాంక పద్ధతిలో కలిపి లెక్క కడితే మెటా ఎనాలిసిస్ అవుతుంది.

సిస్టమాటిక్ అని టైటిల్‌లో పెడితే దానికి తగ్గ క్రమశిక్షణ చూపించాలి. ప్రిస్మా 2020 అనే 27 అంశాల చెక్‌లిస్ట్‌ను, ఎన్ని పేపర్లు దొరికాయో, ఎన్ని ఎందుకు తీసేశారో చూపే ఫ్లో చార్ట్‌ను చాలా జర్నళ్లు అడుగుతాయి. స్కోపింగ్ రివ్యూకు 2018లో వచ్చిన వేరే ప్రిస్మా చెక్‌లిస్ట్ ఉంది. ఆరోగ్యానికి సంబంధించిన సిస్టమాటిక్ రివ్యూ అయితే పని మొదలుపెట్టకముందే ప్రాస్పెరో అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ప్రొటోకాల్ (పని ప్రణాళిక) రిజిస్టర్ చేయండి. స్కోపింగ్ రివ్యూలను ప్రాస్పెరో తీసుకోదు. వాటికి, ఆరోగ్యేతర విషయాలకు ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, అదీ ఉచితమే.

ఒక్కరే చేస్తున్నారా? అయితే సిస్టమాటిక్ రివ్యూ జోలికి వెళ్లే ముందు ఆలోచించండి. పేపర్లను ఏరేటప్పుడు ఇద్దరు విడివిడిగా చూసి పోల్చుకోవాలని రివ్యూయర్లు కోరుకుంటారు. తోటి స్కాలర్ ఒకరిని మొదటి నుంచే కలుపుకోవడం మంచిది.

జర్నల్‌ను రాయకముందే ఎంచుకోండి

ఈ మెట్టు దగ్గర మన పిల్లలు డబ్బు, కాలం, కొన్నిసార్లు పేరు కూడా పోగొట్టుకుంటున్నారు. అందుకే కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మొదట తెలియాల్సిన విషయం, అన్ని జర్నళ్లూ అడగకుండా పంపిన రివ్యూలను తీసుకోవు. యాన్యువల్ రివ్యూస్, నేచర్ రివ్యూస్ వరుసలోని జర్నళ్లలో వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఎడిటర్లు పిలిచి రాయించుకునేవి. కాబట్టి రచయితల సూచనల పేజీలో రివ్యూల గురించి ఏం రాశారో చూడండి. స్పష్టంగా లేకపోతే ఎడిటర్‌కు చిన్న మెయిల్ పెట్టండి. ప్రశ్న ఏంటి, ఇప్పుడు ఎందుకు అవసరం, ఎన్ని పేపర్ల మీద ఆధారపడుతున్నారు, రాసేవాళ్లకు ఆ పనిలో ఉన్న అనుభవం ఏంటి, ఇంతే రాసి 200 పదాల అబ్‌స్ట్రాక్ట్ జతచేస్తే చాలు. వద్దన్నా నష్టం లేదు, నెలల శ్రమ మిగులుతుంది.

సరిపోయే జర్నల్‌ను కనుక్కోవడానికి తేలిక ఉపాయం ఒకటుంది. మీరు దగ్గర పెట్టుకున్న పేపర్లలో ఎక్కువ ఏ జర్నళ్లలో వచ్చాయో లెక్కపెట్టండి. మన ఫ్లోరైడ్ ఉదాహరణకైతే ‘ఎన్విరాన్‌మెంటల్ జియోకెమిస్ట్రీ అండ్ హెల్త్’ లాంటివి తేలుతాయి. మన దేశంలో 1932 నుంచి వస్తున్న ‘కరెంట్ సైన్స్’ కూడా రివ్యూలు వేస్తుంది. ఎంచుకున్న జర్నల్‌లో ఈమధ్య వచ్చిన రెండు మూడు రివ్యూలు తెరిచి పొడవు, పట్టికల సంఖ్య, ఏ లోతుకు వెళ్లారో చూడండి. మీరు ఎక్కాల్సిన ఎత్తు అక్కడ కనిపిస్తుంది.

ఇక నకిలీల సంగతి. “స్కోపస్ ఇండెక్స్‌డ్, మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, సర్టిఫికెట్ ఫ్రీ” అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. థీసిస్ సబ్మిషన్ దగ్గరపడుతున్న టెన్షన్‌లో అది దేవుడు పంపినట్టే అనిపిస్తుంది. నిజమైన పీర్ రివ్యూ, అంటే రివ్యూయర్ల పరిశీలన, మూడు రోజుల్లో అవదు. ఆ మాట చెప్పిన చోటే ఆగిపోండి. ఆ తర్వాత కింది పరిశీలనలు మీరే చేయండి, మెసేజ్‌లో ఇచ్చిన లింకుల మీద ఆధారపడొద్దు.

స్కోపస్ సోర్సెస్ పేజీ లాగిన్ లేకుండా తెరుచుకుంటుంది. జర్నల్ పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ నంబరుతో (ప్రతి జర్నల్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) వెతకండి. పేరు కనిపించగానే సంతోషపడకుండా కవరేజ్ ఏ ఏడాది వరకు ఉందో చూడండి. చాలా జర్నళ్లను స్కోపస్ మధ్యలో తీసేసింది, పాత సంచికలు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి ఇంకో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్‌కు మాస్టర్ జర్నల్ లిస్ట్ ఉంది. ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగలిగే) జర్నల్ అయితే డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితాలో ఉందా, ప్రచురణకర్త కోప్ (ప్రచురణ నైతికత కమిటీ) సభ్యుడా అన్నది కూడా చూడండి. జర్నల్ వ్యాసాలను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఇచ్చేది క్లారివేట్ సంస్థ ఒక్కటే. పలకడానికి దగ్గరగా ఉండే వేరే పేర్లతో అంకెలు వేసుకునే వెబ్‌సైట్లను నమ్మొద్దు.

ఇంకో ప్రమాదం హైజాక్ జర్నళ్లు. నిజంగా ఉన్న జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ వాడుకుని వేరే వెబ్‌సైట్ తెరుస్తారు. స్కోపస్‌లో పేరు కనిపిస్తుంది, డబ్బు మాత్రం దొంగలకు చేరుతుంది. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఉన్న వెబ్ అడ్రస్, మీరు తెరిచిన అడ్రస్ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చండి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ప్రొఫెసర్ ఎవరికైనా, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్‌కు “మీరు ఈ జర్నల్ బోర్డులో ఉన్నారా సార్?” అని రాసి అడగడం తప్పేమీ కాదు.

పేరున్న సంస్థ అయినంత మాత్రాన కళ్లు మూసుకోవద్దు. 2023లో హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నళ్ల నుంచి ఎనిమిది వేలకు పైగా వ్యాసాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ స్పెషల్ ఇష్యూల్లో వచ్చినవి. స్పెషల్ ఇష్యూకు పిలుపు వస్తే గెస్ట్ ఎడిటర్ ఎవరో, ఆ విషయంలో వాళ్ల పని ఏంటో చూసి నిర్ణయించుకోండి.

యూజీసీ కేర్ జాబితా (యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక) సంగతి చాలామంది ఇంకా అడుగుతున్నారు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేసినట్టు ప్రకటించింది. జర్నళ్ల నాణ్యతను యూనివర్సిటీలే అంచనా వేసుకోవాలని సూచించింది. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరి అనే షరతును కూడా యూజీసీ తీసేసింది, కానీ యూనివర్సిటీలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు. కాబట్టి మీ రీసెర్చ్ సెల్ నుంచి తాజా నియమాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. సీనియర్ నోటిమాట మీద వెళ్లొద్దు.

డబ్బు విషయం ఒక్క మాటలో: స్ప్రింగర్, ఎల్సెవియర్ లాంటి సంస్థల హైబ్రిడ్ జర్నళ్లలో (రెండు పద్ధతులూ ఉన్నవి) సబ్‌స్క్రిప్షన్ పద్ధతి, అంటే చదివేవాళ్లు డబ్బు కట్టే పద్ధతి, ఎంచుకుంటే సాధారణంగా రచయిత కట్టాల్సింది ఏమీ ఉండదు. ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటే వేల డాలర్లు కావచ్చు. సబ్మిట్ చేసేటప్పుడు ఆ బాక్స్‌లో ఏది టిక్ చేస్తున్నారో జాగ్రత్తగా చదవండి.

వెతుకులాట, మన జిల్లాల పేర్ల చిక్కు

కనీసం రెండు డేటాబేస్‌లలో వెతకాలి. గూగుల్ స్కాలర్ ఒక్కటే సరిపోదు, దానిలో చేసిన వెతుకులాటను ఇంకొకరు అచ్చంగా తిరిగి చేయలేరు. ఏ తేదీన, ఏ డేటాబేస్‌లో, ఏ పదాలతో వెతికారో, ఎన్ని ఫలితాలు వచ్చాయో ఒక ఫైల్‌లో రాసుకోండి. ఆ రోజే రాసుకోవాలి, తర్వాత గుర్తుండదు.

మన ప్రాంతం మీద వెతికేటప్పుడు బయటివాళ్లకు తెలియని చిక్కు ఒకటుంది. అనంతపురం పేరును ఇంగ్లీషులో ‘టి’తో ఒకరు, ‘టి హెచ్’తో ఒకరు, చివర ‘పూర్’ అని కొందరు, ‘పురం’, ‘పురము’ అని ఇంకొందరు రాస్తారు. కడపకు పాత ‘సి’ స్పెల్లింగ్, కొత్త ‘కె’ స్పెల్లింగ్, వైఎస్సార్ జిల్లా, మూడూ పేపర్లలో ఉన్నాయి. అన్నీ ‘ఆర్’ (ఇంగ్లీషులో ‘లేదా’) అనే పదంతో కలిపి వెతక్కపోతే సగం పేపర్లు కనపడవు.

జిల్లాల విభజన ఇంకా పెద్ద చిక్కు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా ఏర్పడ్డాయి. కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 2015 నాటి పేపర్లో “అనంతపురం జిల్లా” అంటే కదిరి, హిందూపురం, ధర్మవరం కూడా అందులోనివే. ఇప్పటి పేపర్లో అవి ఉండవు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి “ఫ్లోరైడ్ తగ్గింది” అని రాస్తే పెద్ద పొరపాటు. మండలాల పేర్లు తీసి సరిచూసుకోవాలి. ఈ జాగ్రత్త మీరు మెథడ్స్‌లో ఒక పేరా రాస్తే, ఎక్కడో ఉన్న రివ్యూయర్‌కు ఈ రచయితలకు నేల తెలుసన్న నమ్మకం కలుగుతుంది.

జర్నళ్లలో లేని ఆధారాలనూ చూడాలి. ఆన్‌లైన్ థీసిస్ భాండాగారమైన శోధ్‌గంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉన్నాయి. కేంద్ర భూగర్భజల బోర్డు జిల్లా నివేదికలు ఉన్నాయి. వీటికి పీర్ రివ్యూ జరగలేదు కాబట్టి వేరే గుంపుగా చూపించండి.

ఫుల్ టెక్స్ట్ దొరక్క ఇబ్బంది పడేవాళ్లకు ఇప్పుడు కొంత ఊరట ఉంది. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ ఇందులో ఉందో లేదో, ఇంటి నుంచి లాగిన్ ఎలాగో లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీ ఉంటే చూపిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే రచయితకే మర్యాదగా మెయిల్ రాయండి. చాలామంది పంపిస్తారు.

దొరికినవన్నీ రిఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లో వేయండి. ఉచితం, డూప్లికేట్లు పట్టుకుంటుంది, వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా మీ జాబితాలో ఉంటే హెచ్చరిస్తుంది. అలాంటి పేపర్‌ను తెలియక ఆధారంగా చూపితే మీ రివ్యూ మీద నమ్మకం పోతుంది.

పట్టిక దగ్గరే రివ్యూ తయారవుతుంది

పేపర్లు ఏరడానికి ముందు ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అనే నియమాలు రాసుకోండి. మొదట టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ చూసి, తర్వాత పూర్తి పేపర్ చదివి ఏరాలి. తీసేసిన ప్రతి పూర్తి పేపర్‌కూ కారణం రాసి పెట్టాలి.

మిగిలిన వాటిని ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. ఒక్కో పేపర్‌కు ఒక్కో వరుస. నిలువు గడుల్లో ఏం పెట్టాలన్నదే అసలు తెలివి. ఏడాది, ప్రాంతం, శాంపిళ్ల సంఖ్య అందరూ రాస్తారు. మన ప్రశ్నకు ఇంకా కావాల్సినవి ఇవి: శాంపిల్ వానలకు ముందు తీశారా, తర్వాతా? బోరా, చేతిపంపా, బావా? లోతు చెప్పారా? ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచారా, స్పాడ్న్స్ అనే రంగు పద్ధతిలోనా? రెండో పద్ధతిలో నీటి క్షారత్వం ఎక్కువైతే రీడింగ్ తేడా వచ్చే అవకాశం ఉంది, మన బోరు నీళ్లలో క్షారత్వం తక్కువేమీ కాదు. ఏ హద్దుతో పోల్చారు, 1.0నా 1.5నా?

ఇలా నింపుతూ పోతే కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. పేపర్ తర్వాత పేపర్‌లో బోరు లోతు గడి ఖాళీగా ఉందనుకోండి. అప్పుడు లోతుతో ఫ్లోరైడ్ పెరుగుతుందనే మాటకు పునాది ఎంత బలహీనమో మీ కళ్ల ముందే తేలిపోయింది. ఖాళీ గడులు చూసి పట్టిక పాడైందని బాధపడేవాళ్లను చూశాను. రివ్యూ చెప్పాల్సిన మాట చాలాసార్లు ఆ ఖాళీల్లోనే ఉంటుంది.

రాయడం

స్కాలర్ల డ్రాఫ్టుల్లో ఎక్కువగా కనిపించే పేరా ఇలా ఉంటుంది: “ఫలానావారు ఫలానా మండలంలో అధ్యయనం చేసి ఫ్లోరైడ్ ఎక్కువని చెప్పారు. ఫలానావారు ఇంకో మండలంలో అధ్యయనం చేసి కొన్ని చోట్ల తక్కువని చెప్పారు. ఫలానావారు ఇంకో చోట…” ప్రతి వాక్యం ఒక రచయిత పేరుతో మొదలవుతుంది. ఇది జాబితా.

అదే సరుకును ఇలా చెప్పి చూడండి: “వానలకు ముందు తీసిన శాంపిళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని చెప్పిన అధ్యయనాల్లో చాలావాటిలో, రెండు సీజన్లలో ఒకే బోరు నుంచి శాంపిల్ తీశారా అన్నది స్పష్టంగా లేదు. ఒకే బోరును రెండుసార్లు పరీక్షించిన అధ్యయనాలను విడిగా చూస్తే తేడా ఎంతో చెప్పగలం.” ఇక్కడ వాక్యం ఒక వాదనతో మొదలైంది. పేర్లు, సంవత్సరాలు వాక్యం చివరికి రిఫరెన్సులుగా వెళ్లిపోతాయి. పేరాలోని మొదటి వాక్యాలు మాత్రమే వరుసగా చదివితే రివ్యూ మొత్తం వాదన తెలియాలి. డ్రాఫ్ట్ అయ్యాక ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

హెడ్డింగులు ప్రాంతాల వారీగా, సంవత్సరాల వారీగా కాకుండా ప్రశ్నలోని భాగాల వారీగా పెట్టండి. రాయి, లోతు, సీజన్, కొలత పద్ధతి, అలా. చివర “మరిన్ని పరిశోధనలు జరగాలి” అని వదిలేయొద్దు. ఏ పరిశోధన? ఏ కొలతలతో? “లోతు నమోదైన బోర్లలో, వానలకు ముందూ తర్వాతా, ఎలక్ట్రోడ్ పద్ధతితో” అని రాస్తే చదివినవాళ్లు రేపే పని మొదలుపెట్టగలరు.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు నేను చెప్పేది, ముందు వాదన మొత్తం తెలుగులో రెండు పేజీలు రాసుకోండి. ఆలోచనలో ఎక్కడ సందు ఉందో సొంత భాషలో వెంటనే తెలుస్తుంది. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. రివ్యూయర్లకు అలంకారాలు అక్కర్లేదు.

భాష సరిదిద్దడానికి ఏఐ టూల్స్ వాడటాన్ని చాలా జర్నళ్లు ఒప్పుకుంటున్నాయి, వాడినట్టు చెప్పాలి. ఏఐని రచయితగా పెట్టకూడదు. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు, లేని పేపర్లను ఉన్నట్టు పుట్టిస్తుంది. మీరు తెరిచి చదవని పేపర్ మీ జాబితాలో ఒక్కటి కూడా ఉండకూడదు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, ఆపైన స్థాయిలను బట్టి చర్యలున్నాయి. ఆ అంకె కోసం పదాలు మార్చే పని పెట్టుకోవద్దు. పేపర్ మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాస్తే శాతం దానంతటదే తగ్గుతుంది. వేరేవాళ్ల బొమ్మ, పటం వాడుకోవాలంటే రిఫరెన్స్ ఇస్తే సరిపోదు, ప్రచురణకర్త అనుమతి కావాలి. ఆ సమాచారంతో మీరే కొత్త పటం గీయడం మేలు.

రచయితల పేర్ల దగ్గర మొహమాటం పనికిరాదు. అంతర్జాతీయ మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ నియమం స్పష్టంగా ఉంది: పనిలో చెప్పుకోదగ్గ భాగం, రాయడంలో లేదా సరిదిద్దడంలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి బాధ్యత, ఈ నాలుగూ ఉంటేనే రచయిత. హెచ్‌ఓడీ గారికి, ఇంటర్నెట్ ఏర్పాటు చేసిన మిత్రుడికి కృతజ్ఞతల్లో చోటు ఉంది. ఎవరి పేరు ఏ వరుసలో ఉండాలో పని మొదట్లోనే గైడ్ గారితో మాట్లాడి మెయిల్‌లో రాసుకోండి.

సబ్మిషన్

ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. పరిశోధకుడి గుర్తింపు సంఖ్య అయిన ఓర్సిడ్ నంబరు తెచ్చుకోండి, ఉచితం. కవర్ లెటర్ ఒక పేజీ దాటొద్దు: ప్రశ్న, జవాబు, పాత రివ్యూలకు తేడా, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు. ప్రిప్రింట్ (పీర్ రివ్యూకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) పెట్టాలనుకునేవాళ్లు జర్నల్ నియమం చూసుకోండి. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఒకటి గమనించాలి, 2025 అక్టోబరు చివరి నుంచి ఆర్కైవ్ అనే ప్రిప్రింట్ సర్వర్ ఆ విభాగంలో రివ్యూ వ్యాసాలను, పీర్ రివ్యూ దాటి జర్నల్‌లో గానీ కాన్ఫరెన్స్‌లో గానీ అంగీకారం పొందాకే తీసుకుంటోంది.

తర్వాత ఓపిక పట్టాలి. నెలలు పడుతుంది. మూడు నెలలు దాటాక స్టేటస్ అడుగుతూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టొచ్చు.

రివ్యూయర్లకు జవాబు

మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమనడం) అని వస్తే చాలామంది రిజెక్ట్ అయినట్టే కుంగిపోతారు. అది మంచి వార్త. పేపర్ మీద ఎడిటర్‌కు ఆసక్తి ఉంది కాబట్టే మళ్లీ అడిగారు. మొదటి రోజు చదివి పక్కన పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత ప్రతి వ్యాఖ్యకూ నంబరు వేసి, ఒక్కటీ వదలకుండా జవాబు రాయండి.

ఇంగ్లీషులో రాయాల్సిన జవాబు భావం ఎలా ఉండాలో ఒకటి చూపిస్తాను.

వ్యాఖ్య: “రచయితలు ఒకే జిల్లా అధ్యయనాల మీద ఆధారపడ్డారు. ఫలితాలు వేరే చోట్లకు వర్తిస్తాయా?”

బలహీనమైన జవాబు: “ధన్యవాదాలు. సరిచేశాం.”

బలమైన జవాబు: “ఈ పరిమితి నిజమే. ఇదే రకం రాళ్లున్న ఇతర కరువు ప్రాంతాల అధ్యయనాల కోసం మళ్లీ వెతికాం. సరిపోయినవి రెండో పట్టికలో చేర్చాం. సీజన్ తేడా విషయంలో మా నిర్ణయం మారలేదు, లోతు విషయంలో ఆధారం ఇంకా బలహీనమైంది. పేజీ 14, వరుసలు 310 నుంచి 328 వరకు తిరగరాశాం. తిరగరాసిన భాగం కింద ఇస్తున్నాం.”

రివ్యూయర్ చెప్పింది తప్పని మీకు నిశ్చయంగా తెలిస్తే ఒప్పుకోనక్కర్లేదు. ఆధారం చూపించి, గౌరవంగా, ఎందుకు మార్చలేదో రాయండి. ఎడిటర్లు దాన్ని మెచ్చుకుంటారు. ఇద్దరు రివ్యూయర్లు ఒకరికొకరు విరుద్ధంగా చెబితే, ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకో ఎడిటర్‌కు నేరుగా చెప్పండి.

రిజెక్ట్ అయితే వ్యాఖ్యలను పారేయొద్దు. వాటి ప్రకారం సరిదిద్దాకే రెండో జర్నల్‌కు పంపండి. ఆ రంగం చిన్నది, అదే రివ్యూయర్ దగ్గరికి మళ్లీ వెళ్లడం మామూలే.

అంగీకారం తర్వాత

ప్రూఫ్‌లు (ప్రచురణకు ముందు సరిచూసే ప్రతులు) వచ్చాక సాధారణంగా కొద్ది రోజులే గడువు ఇస్తారు. ఊరి పేర్ల స్పెల్లింగులు, పట్టికల్లో అంకెలు, యూనిట్లు, మీ యూనివర్సిటీ పూర్తి పేరు ఒక్కొక్కటిగా చూడండి. కాపీరైట్ ఫారం చదివి సంతకం చేయండి. చాలా జర్నళ్లు ప్రచురణకర్త డిజైన్ చేయని, అంగీకారం పొందిన ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో, కొన్నిసార్లు నిర్ణీత గడువు తర్వాత, పెట్టుకోనిస్తాయి. అలా పెడితే సబ్‌స్క్రిప్షన్ లేని కాలేజీలో చదివే పిల్లలకూ మీ పేపర్ అందుతుంది. మీ ఎక్సెల్ పట్టికను కూడా సప్లిమెంటరీ ఫైల్‌గా ఇవ్వండి. మండలాల వారీగా సర్దిన ఆ షీట్‌ను తాగునీటి పథకాలు చూసే గ్రామీణ నీటి సరఫరా విభాగం జిల్లా ఆఫీసుకు, ఒక పేజీ తెలుగు సారాంశం జతచేసి పంపండి. ఏ మండలాల్లో లోతు వివరాలు లేవో ఆ పేజీలో మొదటే రాయండి.